తోడుదిన్నె మీద పచ్చికుండ

జొన్నగట్ల గ్రామానికి పడమర దిక్కున, నల్లరేగడి చేల నడుమ, రెండు నిలువుల ఎత్తున ఒక మట్టిదిన్నె ఉంది. బస్సు దిగిన భక్తులు గోపురం కోసం వెతుకుతారు. గోపురం లేదు. పైకప్పు కూడా లేదు. దిన్నె నెత్తిన ఒక పొడవాటి వెదురు గడ, దాని మొదట్లో బూడిద పరిచి నిలబెట్టిన ఒక పచ్చికుండ కనిపిస్తాయి. ఆ కుండే ఇక్కడి మూలవిరాట్టు. రాతి విగ్రహం ఎందుకు చేయించలేదని ఏటా ఎవరో ఒకరు నిలదీస్తూనే ఉంటారు. పాలరాయి మేమే పంపుతామని మొన్న ఒక పెద్దమనిషి పట్టుబట్టి కూర్చున్నారు. వారి భక్తికి ఒక దండం. ఈ పుస్తకం చదివిన తరువాత ఆ మాట మళ్లీ అనరని మా నమ్మకం.

పచ్చికుండ అంటే కాల్చని కుండ. రేవతి కార్తె మొదలు కృత్తిక కార్తె వెళ్లేదాకా ప్రతి ఉదయం కొత్తది చేసి పెడతారు. సాయంత్రం నీళ్లు చల్లి, మళ్లీ మట్టిముద్ద చేస్తారు. ఇక్కడి అమ్మవారి పేరు తిప్పమ్మ. ఆమె ఆకాశం నుంచి దిగిరాలేదు, పుట్టలో వెలయలేదు. కుమ్మరి ఇంటి కోడలు. ఆమె ఈ దిన్నె ఎలా ఎక్కిందో, ఎందుకు ఎక్కిందో, పెద్దలు చెప్పగా విన్నది విన్నట్టు రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ మూడు క్రోసుల మేర చెట్టన్నది లేదు. చేల మధ్య ఒక్కటే నిలబడి ఉన్నందున దీన్ని ఒంటిదిన్నె అనేవారు. రేగడి భూమి చలికాలమంతా మంచు తాగి పంట పండిస్తుంది, గింజ చేతికొచ్చేది ఎండలు ముదిరే వేళకు. జొన్న కుప్పలు, శనగ కుప్పలు, ఎండబెట్టిన మిరప, అన్నీ ఆరుబయట కళ్లాల్లోనే ఉంటాయి. ఆ రోజుల్లో వాన పడిందా, ఇక అంతే సంగతులు. "అశ్విని కురిస్తే అంతా నష్టం" అన్నది మిగతా ఊళ్లలో సామెత కావచ్చు, ఇక్కడ అది కడుపుకోత. మధ్యాహ్నం దాకా మబ్బు తునక ఉండదు. మూడో జాముకు పడమట కోట కట్టినట్టు ఒక మబ్బు లేస్తుంది. ముందు గాలి, గాలి వెంట దుమ్ము, దుమ్ము వెంట వడగళ్లు, పిడుగులు. చెట్టులేని బయలులో పిడుగుకు మనిషే చెట్టు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక" అని నిట్టూర్చి మళ్లీ చేలోకి నడవడం తప్ప ఆ కాలపు వారికి వేరే దారి తెలియదు.

ఆ ఎరుక ఉన్న మనిషి ఊళ్లో ఒకతె ఉండేది. కుమ్మరి ఈరప్ప సారె తిప్పేవాడు, అతని భార్య తిప్పమ్మ కుండలు ఆరబెట్టేది. ఆరబెట్టడమేమంత పనని తీసిపారేయకండి. పచ్చికుండ మీద నాలుగు చినుకులు పడితే మిగిలేది బురదే. "కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు" అంటారు కానీ, వానకు ఆ గుదియ కూడా అక్కర్లేదు. పదిహేనేళ్లు కుండల మధ్య కూర్చొని తిప్పమ్మ ఒక సంగతి కనిపెట్టింది. పొద్దుపొడుపున బూడిద మీద పెట్టిన పచ్చికుండకు మొదట మూతి తెల్లబడుతుంది, తరువాత మెడ, తరువాత భుజం. మామూలు రోజున నడిమధ్యాహ్నానికి భుజం దాకా ఆరిపోతుంది. కొన్ని రోజులు మాత్రం ఎండ మాడ్చేస్తున్నా మెడ నల్లగానే ఉండిపోతుంది, వేలు పెడితే చల్లగా తగులుతుంది. పొద్దుటి నుంచి వీచిన గాలి కూడా ఆ వేళకు పడిపోయిందంటే, పొద్దుగుంకే లోపల ఉరుము తప్పదు. గాలిలో దాగిన తడిని కుండ ముందే పసిగడుతుందన్నమాట.

ఇంత తెలిసీ ఆమె ఎవరికీ చెప్పలేదు. కుండలు లోపల పెట్టుకోవడానికి తప్ప ఆ విద్య ఇంకెందుకైనా పనికొస్తుందని ఆమెకు తోచలేదు. ఒక అశ్విని కార్తెలో కుండ మెడ ఆరలేదు. ఈరప్ప మట్టి తేవడానికి గాడిదను తోలుకొని వంకకు బయలుదేరుతున్నాడు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. చెబితే నవ్వుతాడేమోనని తిప్పమ్మ ఊరుకుంది. సాయంత్రం వాన వెలిసిన తరువాత గాడిద ఒక్కటే ఇంటికి వచ్చింది.

పదమూడో రోజు వెళ్లగానే తిప్పమ్మ ఇంటికి తాళ్లతో తడిక కట్టి, ముద్దమట్టి తట్టలో పెట్టుకొని ఒంటిదిన్నె ఎక్కింది. పైన చిన్న గుడిసె వేసుకుంది. ఆడవాళ్లు సారె ముట్టరు కనుక, రోజుకొక కుండను చేత్తోనే తట్టి చేసేది. మెడ ఆరని రోజున, వాన వస్తుందని ఊరికి గుర్తుగా, పొగచూరిన పెద్ద కుండ ఒకటి గడకు తగిలించి పైకెత్తేది. ఆ బయలులో ఎంత దూరానికైనా నల్లకుండ కనబడుతుంది. "కుండ ఎక్కింది, కుండ ఎక్కింది" అని కేకలేసుకుంటూ జనం కుప్పల మీద బోదగడ్డి కప్పి, పశువులను తోలుకొని ఊళ్లోకి వచ్చేసేవారు. తిప్పమ్మ నోట్లో చక్కెర పోయాలని మొదటి ఏడు ఊరంతా మెచ్చుకుంది. ప్రతి కళ్లం నుంచి ఒక చేట జొన్నలు ఆమెకు మేరగా నిర్ణయించారు.

ఇక మనుషుల తెలివి చూడండి! రెండో ఏడు కుండ తొమ్మిదిసార్లు ఎక్కితే తొమ్మిదిసార్లూ వాన వచ్చింది. మూడో ఏడు వడగళ్లు పడ్డాయి. అప్పుడు ఎవరో అన్నారు, అది వచ్చే వానను చెప్పడం లేదు, చెప్పి వానను రప్పిస్తోందని. కాకి వాలింది, తాటిపండు రాలింది, కనుక నేరం కాకిదే. ఆ మాట చేల మీద నిప్పులా పాకింది. తిప్పమ్మ దారిన ఎదురైతే ఆడవాళ్లు చెంగు అడ్డం పెట్టుకొని పక్కకు తిరిగారు. కళ్లం దగ్గరికి వస్తే కుప్ప మీద గడ్డి కప్పారు. పెళ్లికి పిలవలేదు, పురుడుకు పిలవలేదు. మేర జొన్నలు మాత్రం మానలేదు, భయం కదా. దిన్నె కింద బండ మీద పోసి వెనక్కి చూడకుండా వెళ్లిపోయేవారు.

తిప్పమ్మకు గింజలు వచ్చేవి, మనుషులు వచ్చేవారు కాదు. ఒక్కరోజు కాదు, ఒక్క నెల కాదు, నాలుగేళ్లు. చేలల్లో జనం నవ్వుకోవడం దిన్నె మీదికి వినబడేది, ఎందుకు నవ్వుతున్నారో వినబడేది కాదు. అదే ఆమెను ఎక్కువగా బాధపెట్టేదట. వంట చేసుకొని, తినబుద్ధి కాక, గిన్నె ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చునేది. మాట మరిచిపోతానేమోనని భయపడి కుండతో మాట్లాడేది. కుండ ఏం మాట్లాడుతుంది? మెడ చూపిస్తుంది, అంతే.

ఆరో ఏడు ఫాల్గుణంలో ఊరి పెద్ద బాలిరెడ్డి దిన్నె కిందికి వచ్చి, పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డాడు.

"తిప్పమ్మా, ఊళ్లోకి రా. నీ ఇల్లు మేమే కప్పిస్తాం. నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఒక్కటే మాట. కుండ ఎత్తకూడదు. వాన మాట నీ నోట రాకూడదు."

తిప్పమ్మ చాలాకాలం తరువాత ఒక మనిషి తన పేరు పెట్టి పిలవడం విన్నది. దిన్నె అంచుదాకా వచ్చింది. అక్కడి నుంచే అడిగింది.

"బంతిలో కూచోనిస్తారా, రెడ్డప్పా?"

నలుగురితో పాటు వరుసలో కూర్చొని ఒక ముద్ద తినడం, ఆమె అడిగింది అంతే. రెడ్డి సరేనన్నాడు. తిప్పమ్మ గడ పీకి పక్కన పారేసి, అప్పుడే అతని వెనక నడిచింది. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదా అంటే, తెలుసు. కానీ నాలుగేళ్లు ఒంటిదిన్నె మీద కూర్చున్నవారు తప్ప ఆమెను తప్పుపట్టే అర్హత మరొకరికి లేదు.

ఊళ్లో ఆమెకు పొరుగున బోయ బసమ్మ ఇల్లు. బసమ్మ నోరు పెద్దది, మనసు మంచిది. తిప్పమ్మ పొద్దున నిప్పుకు వెళ్లేది, మజ్జిగకు వెళ్లేది, ఏమీ అక్కర్లేకపోయినా వెళ్లేది. నాలుగేళ్ల మాటలు ఒక్కసారిగా పొర్లుకొచ్చాయి. "ఏమ్మే, నోటికి గాలి అయినా తగలనీ" అని బసమ్మ నవ్వేది. ఇద్దరూ ఒకే గిన్నెలో సంగటి కలుపుకొని తినేవారు. ఊరి దేవత పెద్దమ్మకు అన్నం కుంభం పోసిన రోజున తిప్పమ్మ బంతిలో కూర్చుంది. పక్కవారి మోచేయి తనకు తగిలినప్పుడు కళ్లనీళ్లు వచ్చాయని, మిరపకారం ఎక్కువైందని చెప్పిందని అంటారు. ఆ నెల రోజులు ఆమె పచ్చికుండ చేయలేదు, ఆకాశం వైపు తలెత్తి చూడలేదు.

అశ్విని కార్తె మూడో రోజున ఊరంతా పెద్దచేను కోతకు వెళ్లింది. పిల్లాజెల్లా కలిపి నూరు మంది పైమాట, అందులో బసమ్మ భర్త, ఇద్దరు కొడుకులు. ఇంటి దగ్గర బసమ్మ పొయ్యి కడ కూర్చొని విసుక్కుంటోంది.

"పొద్దున మట్టి పూసిన పొయ్యి, పొద్దు నెత్తి మీదికొచ్చినా ఆరలేదు చూడవే. ఇంత ఎండ కాస్తాంటే ఏం మాయరోగమో!"

తిప్పమ్మ చేతిలోని ముద్ద గిన్నెలోకి జారింది. లేచి వెళ్లి పొయ్యి గట్టు మీద వేలు పెట్టింది. చల్లగా ఉంది. వాకిట్లోకి వచ్చి నిలబడింది. దండెం మీది బట్ట కదలడం లేదు.

బసమ్మకు ముఖం చూడగానే అర్థమైంది. పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"వద్దే తిప్పీ, చెప్పొద్దే. మళ్లీ ఆ దిన్నె మీదికి తరిమేస్తారే నిన్ను. నోరు మూసుకుంటే అదే పోతాదేమో లే."

"ఆ పొద్దు మూసుకున్నా కదక్కా," అన్నది తిప్పమ్మ. "గాడిద ఒక్కటే వచ్చె."

బసమ్మ చేతులు వదిలేసింది. తిప్పమ్మ పొయ్యి పక్కనున్న నల్లకుండలోని నీళ్లు పారబోసి, దాన్ని చంకన పెట్టుకొని దిన్నెకు పరుగెత్తింది. పారేసిన గడ వెతికి, కుండ తగిలించి, పైకెత్తి నిలబడింది. పాతడానికి వ్యవధి లేదు. గడను తన చేతులతోనే పట్టుకుంది. పడమట అప్పుడే మబ్బు తల ఎత్తుతోంది. పెద్దచేనులో ఎవరో చూశారు. తిట్టుకుంటూ, శాపనార్థాలు పెడుతూ, అయినా భయంతో, జనం కొడవళ్లు పారేసి ఊరివైపు పరుగుతీశారు. చివరి మనిషి ఊళ్లోకి చేరేదాకా తిప్పమ్మ గడ దించలేదు. చుట్టూ ఉరుములు, ఆ బయలులో అందరికంటే ఎత్తున ఆమె ఒక్కతే. పిడుగు పెద్దచేను నడుమ పడింది. అక్కడ కట్టేసి మరిచిన రెండు ఎద్దులు పోయాయి. మనిషన్నవాడికి వెంట్రుక కూడా రాలలేదు.

కానీ పంట పోయింది. కోసిన పనలు, కోయని కంకులు, అన్నీ వడగళ్ల కింద నుజ్జయ్యాయి. గడపల్లో నిలబడి ఊరంతా ఆ బురద చూసింది. బతికామన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. "నోరు తెరిచింది, నాశనం చేసింది" అన్నారు. తిప్పమ్మ తడిసి ముద్దై ఊళ్లోకి వచ్చేసరికి ఇళ్ల తలుపులు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. ఆమె వంకనీటిలో కడిగి తెచ్చిన కుండను బసమ్మ గుమ్మంలో బోర్లించింది. "అక్కా" అని ఒక్కసారి పిలిచింది. బసమ్మ తలుపు వెనకే నిలబడి ఉంది. లోపల భర్త, కొడుకులు చూస్తున్నారు. బసమ్మ తలుపు తీయలేదు. తిప్పమ్మ కాసేపు చూసి, ఎవరూ పొమ్మనకుండానే వెనుదిరిగి దిన్నె ఎక్కింది.

ఆ తరువాత ఏడేళ్లు ఆమె అక్కడే ఉంది. మెడ ఆరని ప్రతిరోజూ కుండ ఎక్కింది. కుండ ఎక్కిన ప్రతిసారీ జనం తిట్టుకుంటూనే ఇళ్లు చేరారు. పిడుగుకు ఒక్కరూ పోలేదు. దిన్నె మీదికి ఒక్కరూ రాలేదు. బసమ్మ రోజూ వెళదామనుకునేది. ఏ ముఖం పెట్టుకొని వెళ్లాలో తెలియక రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడేళ్లు గడిపింది.

ఒక కార్తీకంలో గొర్రెలు కాసే కురుబ మల్లప్ప, దిన్నె మీద మూడు రోజులుగా పొగ లేవడం లేదని గమనించి పైకెక్కాడు. తిప్పమ్మ గుడిసె ముందు మట్టి అరుగు మీద, గోడకు ఆనుకొని కూర్చున్నట్టే ఉంది. ప్రాణం లేదు. ఆమె అరుగు అరిగి గుంటపడి ఉంది. దాని పక్కనే సరిగ్గా అంతే కొలతతో ఇంకొక అరుగు. నున్నగా అలికి, ముగ్గు పెట్టి ఉంది. ఆ ముగ్గు ఎక్కడా చెరగలేదు. మల్లప్ప ఊళ్లోకి వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు బసమ్మ గుండెలు బాదుకొని ఏడ్చింది. మిగతావారు ఏం చేశారంటే, చెప్పడానికే సిగ్గుగా ఉంది, హమ్మయ్య అనుకున్నారు.

వచ్చిన ఎండాకాలం ఊరు నిశ్చింతగా ఉంది. రప్పించే మనిషి లేదు, ఇంక వాన ఎలా వస్తుందని వారి లెక్క. కుప్పల మీద గడ్డి కప్పలేదు. పశువులను చేలల్లోనే వదిలేశారు. మళ్లీ అశ్విని కార్తె, మళ్లీ మూడో జాము. నూర్పిడి జోరుమీద ఉండగా పడమట మబ్బు లేచింది. దిన్నె వైపు చూసినవారికి బోసి ఆకాశం కనిపించింది. కుండ ఎక్కలేదు కనుక వాన రాదని కొందరు నవ్వుతూ నూర్చుతూనే ఉన్నారట. ఆ రోజు పిడుగుకు ముగ్గురు పోయారు. బాలిరెడ్డి తమ్ముడు, పనికి వచ్చిన ఒక పడుచు, బసమ్మ చిన్నకొడుకు ఓబులేసు.

శవాల ముందు బాలిరెడ్డి ఒక్కటే మాట అన్నాడని చెబుతారు. "చెప్పే మనిషి లేకపోయినా వాన వచ్చింది."

పన్నెండేళ్లుగా ఆ మనిషిని తాము ఏం చేశారో అందరికీ ఒక్కసారే తెలిసింది. తెలిసి ఏం లాభం, చేతులు కాలాయి.

కొడుకు కర్మ పూర్తయిన రోజు మధ్యాహ్నం, బసమ్మ పొయ్యి పక్కనే కొంగు పరుచుకొని పడుకుంది. పట్టపగలే కల వచ్చింది. తిప్పమ్మ వచ్చి గడపలో నిలబడింది. చేతులకు మట్టి ఉంది. నెత్తిన కిరీటం లేదు, చేతిలో శూలం లేదు. బసమ్మ తలుపు తీయడానికి లేవబోతే కాళ్లు కదలడం లేదు.

"ఉండు అక్కా, తీయకున్నా పర్వాలేదు," అన్నది తిప్పమ్మ. "రేపటి నుంచి కుండ నువ్వు పెట్టు. ఆ పొద్దు పొయ్యి ఆరలేదని నువ్వే చూస్తివి కదా, కుండ మెడ కూడా అట్లే చూడు. నాకు గుడి కట్టొద్దని చెప్పు. నీడ వేస్తే కుండ ఆరదు. పొంగళ్లు వద్దు, కోళ్లు వద్దు. ఎవరైనా వచ్చి నా పక్కన ఒక గడియ కూచుంటే చాలు. నువ్వు మాత్రం ఒక్కదానివే కూచోవద్దు అక్కా. అది చానా కష్టం."

బసమ్మ లేచి, తట్టలో మట్టి పెట్టుకొని, ఎండలో ఒంటిదిన్నె ఎక్కింది. ఎన్నడూ ఎవరూ కూర్చోని ఆ రెండో అరుగు మీద కూర్చుంది. కూర్చొని, ఏడేళ్లుగా దాచుకున్న మాటలన్నీ పక్కనున్న తిప్పమ్మ ఖాళీ అరుగుతో చెప్పుకుంది. కొంతసేపటికి ఎవరో దిన్నె ఎక్కుతున్న చప్పుడైంది. బాలిరెడ్డి. పైగుడ్డ నోటికి అడ్డం లేదు, భుజాన ఉంది. వచ్చి బసమ్మకు కాస్త ఎడంగా నేల మీద కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఈ దిన్నె మీద కావలి ఎప్పుడూ ఇద్దరే. ఒంటిదిన్నె అన్న పేరు పోయి తోడుదిన్నె అయింది.

నేటికీ జొన్నగట్లలో ఇంటివరుసన కావలి నడుస్తుంది. కులం అడ్డు లేదు, ఆడామగా తేడా లేదు. రేవతి నుంచి కృత్తిక దాకా ఏ రోజు ఏ రెండు ఇళ్లవారు కూర్చోవాలో ఉగాది నాడు పంచాంగంతో పాటే చదువుతారు. ఇప్పుడు వాతావరణ హెచ్చరికలు సెల్‌ఫోన్లకే వస్తున్నాయి. కావలివారు వాటినీ చదువుతారు, కుండ మెడా తడుముతారు. రెండింటిలో ఏది చెప్పినా గడ లేస్తుంది. వాన రాకపోతే నవ్వుకొని మళ్లీ పనిలోకి వెళతారు. కుండ ఎక్కి వాన రాని రోజున కావలివారిని ఒక్క మాట అనకూడదన్నది కట్టుబాటు. అన్నవారు మరునాడు తామే కావలి కూర్చోవాలి.

భక్తులకు మనవి. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు, హారతి లేదు, హుండీ లేదు. అమ్మను ఏమీ కోరరు. అరుగు పక్కన ఒక గడియ కూర్చొని లేస్తారు, అదే పూజ. సంతానం కలుగుతుందని, సిరులు కురుస్తాయని రాసి మిమ్మల్ని మభ్యపెట్టడం మాకు ఇష్టం లేదు. ఇక్కడ కూర్చొని వెళ్లినవారు ఇంటికి పోయి మూసిన తలుపు ఒకటి తీశారని మాత్రం చాలాసార్లు విన్నాము.

ఎవరూ లేకుండా ఒంటరిగా వచ్చినవారు, మెట్ల దగ్గర ఆగి ఆ మాట పైకి చెప్పండి. సంకోచించనక్కర్లేదు. కావలి ఉన్న ఇద్దరిలో ఒకరు దిగివచ్చి మీ పక్కన కూర్చుంటారు. ఆ వేళకు ఊరి నుంచి ఇంకొకరు వచ్చి పైన వారి చోటు నింపుతారు. మీ పక్కన కూర్చున్నవారు మీ ఊరు అడగరు, పేరు అడగరు, ఎందుకు వచ్చారని అడగరు. మీరు లేచేదాకా వారు లేవరు.